మూడు నాలుగు గంటలకోసారి కెర్నల్ ప్యానిక్, ప్రతిసారీ వేరే చోట. కేసాన్‌కు ఏమీ దొరకడం లేదు

మంజీర_తీరం
పదిహేను రోజులుగా ఇదే పని, ఇంటికి వెళ్ళినా ఇదే ధ్యాస. దారి చూపించేవాళ్ళు ఉంటారని రాస్తున్నాను.

ఆర్మ్ 64 బిట్ బోర్డు, 2 జీబీ ర్యామ్, లైనక్స్ 6.1. పక్కనే ఒక ఎఫ్‌పీజీఏ, అంటే మనకు కావలసినట్టు సర్క్యూట్ మార్చుకునే చిప్, ఉంది. అది సెన్సర్ శాంపిల్స్‌ను మెయిన్ మెమరీలో ఒక బఫర్‌లోకి పోస్తుంది. ఆ బఫర్‌ను మా అప్లికేషన్ ఎంమ్యాప్ చేసుకుని, అంటే తన అడ్రస్‌లలోకి తెచ్చుకుని, నేరుగా వాడుకుంటుంది. డ్రైవర్ నేను రాసింది కాదు, ముందున్నాయన ఉద్యోగం మారితే నా చేతికొచ్చింది.

పాత బోర్డు మీద ఏడాది పాటు ఏ గొడవా లేదు. కొత్త రివిజన్ బోర్డు వచ్చాక రెండు గంటలకో, ఆరు గంటలకో ప్యానిక్, అంటే కెర్నల్ తప్పు తట్టుకోలేక సిస్టమ్‌నే ఆపేస్తుంది. ఒకసారి ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో, ఒకసారి నెట్‌వర్క్ స్టాక్‌లో, మొన్న అయితే పైప్ రీడ్‌లో. ఏ రెండు బ్యాక్‌ట్రేస్‌లూ (పడిన చోటికి ఎలా వచ్చిందో చూపే ఫంక్షన్ల వరస) ఒకలా లేవు. మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సాధనం కేసాన్ పెట్టి రెండు రోజులు నడిపాను. ప్యానిక్ వచ్చింది కానీ కేసాన్ రిపోర్టు ఒక్కటీ లేదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్టర్ రాత్రంతా నడిపితే పాస్. బోర్డు మార్చి చూశాను, అదే కథ. వచ్చే వారం కస్టమర్ దగ్గర డెమో ఉంది. టెన్షన్‌తో బుర్ర పనిచేయడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోలీసోడా
ప్రతిసారీ వేరే చోట పడుతోందంటే హార్డ్‌వేరే. కొత్త రివిజన్ అంటున్నారుగా. డీడీఆర్ టైమింగ్స్, పవర్ సప్లై రిపుల్ చూడండి. మా బోర్డులో కూడా ఇలాగే నెల రోజులు సాఫ్ట్‌వేర్‌ని తిట్టాం, చివరికి ఒక కెపాసిటర్ విలువ తప్పు పడింది.

పేజీ4096
@గోలీసోడా, రెండు బోర్డుల్లో అదే లక్షణం, మెమ్‌టెస్టర్ పాస్ అన్నారు. నాకు మెమరీ చిప్ మీద అనుమానం లేదు.

మంజీర గారూ, కేసాన్ మాట్లాడలేదంటే కెర్నల్ మెమరీని ఎవరూ పాడుచేయలేదని కాదు. కేసాన్ కంపైలర్ సాయంతో కెర్నల్ కోడ్‌లోని ప్రతి లోడ్‌కూ స్టోర్‌కూ ముందు ఒక తనిఖీ పెడుతుంది. ఆ దారిలో వెళ్ళిన తప్పు మాత్రమే దానికి కనిపిస్తుంది. మెమరీని పాడుచేసేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. ఒకటి డీఎంఏ చేసే, అంటే సీపీయూ ప్రమేయం లేకుండా మెమరీలో నేరుగా రాసే, డివైస్. రెండోది, డ్రైవర్ ఎంమ్యాప్ చేసి ఇచ్చిన పేజీల్లో (మెమరీని 4096 బైట్ల చొప్పున కోసిన ముక్కల్లో) రాసే మామూలు అప్లికేషన్. ఈ ఇద్దరూ కేసాన్ గేటు దాటకుండానే లోపలికి వస్తారు. మీ దగ్గర ఇద్దరూ ఉన్నారు.

డ్రైవర్‌లో ఎంమ్యాప్ ఫంక్షన్ పెట్టండి. ప్రాక్‌లో ఐఓమెమ్ ఫైల్, అంటే ఏ ఫిజికల్ అడ్రస్ ఎవరిదో చెప్పే జాబితా, ఏం చెబుతుందో కూడా.

మంజీర_తీరం
ఆఫీసు కోడ్ కాబట్టి ఉన్నదున్నట్టు పెట్టలేను, వరసగా చెబుతాను. పన్నెండు లైన్లే.

వీఎంఏ అంటే యూజర్ అడిగిన మ్యాపింగ్ వివరం, దాని చివర లోంచి మొదలు తీసేసి సైజు లెక్కగడుతుంది. ఆ సైజు 16 ఎంబీ కన్నా ఎక్కువుంటే ఈఇన్‌వాల్ (చెల్లని ఆర్గ్యుమెంట్ అనే ఎర్రర్) ఇచ్చి వెనక్కి పంపుతుంది. తర్వాత వీఎం పీజీఆఫ్‌ను, అంటే పేజీల లెక్కలో అడిగిన ఆఫ్‌సెట్‌ను, 12 బిట్లు ఎడమకు జరిపి బఫర్ ఫిజికల్ అడ్రస్‌కు కలుపుతుంది. బఫర్ మొదలు హెక్సాలో 70000000. పేజీ ప్రాట్‌ను, అంటే పేజీ లక్షణాలను, నాన్‌క్యాష్డ్ చేస్తుంది. ఆ పేజీలను యూజర్‌కు కట్టే రీమ్యాప్ పీఎఫ్ఎన్ రేంజ్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. అంతే.

ఐఓమెమ్ చూశాను కానీ అన్ని అడ్రస్‌లూ సున్నాలే వస్తున్నాయి. అదేమైనా తేడానా?

సీలేరు
రూట్‌గా చూడండి. మామూలు యూజర్‌కు సున్నాలే చూపిస్తుంది, అడ్రస్‌లు బయటపడకూడదని.

పేజీ4096
సైజు చూస్తున్నారు, ఆఫ్‌సెట్ చూడడం లేదు. అసలు బొక్క ఇదే. 4 ఎంబీ కావాలి, ఆఫ్‌సెట్ 14 ఎంబీ అని అడిగితే ఈ డ్రైవర్ ఇచ్చేస్తుంది. మొదటి 2 ఎంబీ బఫర్‌వి, మిగతా 2 ఎంబీ పక్కవాడివి. ఆఫ్‌సెట్ 500 ఎంబీ అని అడిగినా ఇస్తుంది, ఎందుకంటే అడిగిన సైజు 16 లోపే ఉంది కదా.

రీమ్యాప్ పీఎఫ్ఎన్ రేంజ్ ఈ పేజీ ఎవరిదని అడగదు. ఏ పీఎఫ్ఎన్ (ఫిజికల్ పేజీ నంబర్) ఇస్తే దాన్ని యూజర్ పేజీ టేబుల్‌లో రాసేస్తుంది. ఆ పేజీ రెఫరెన్స్ కౌంట్ కూడా ముట్టుకోదు. కాబట్టి కెర్నల్‌కు ఆ పేజీ ఖాళీగా ఉన్నట్టే లెక్క, హాయిగా ఇంకెవరికో కేటాయిస్తుంది. అడిగినవాడి హక్కు తేల్చే బాధ్యత పూర్తిగా డ్రైవర్‌దే.

నల్లరేగడి
మా నాన్నగారు సర్వేయరుగా చేశారు. పొలం కొలతకు వెళితే ఎన్ని ఎకరాలు అని ఒక్కటే అడిగితే సరిపోదనేవారు, ఏ రాయి నుంచి ఏ రాయి దాకా అని అడగాలి. ఈ డ్రైవర్ విస్తీర్ణం చూసి పాస్‌బుక్ ఇచ్చేస్తోంది, గట్టు ఎక్కడుందో చూడడం లేదు. రెండు ఎకరాలే కదా అని ఊరి చెరువు మధ్యలో రాసిచ్చినా అభ్యంతరం లేదన్నమాట.

కొత్తగా చేరినవాళ్ళకు ఇంకొక మాట. ఈ రిజిస్ట్రేషన్‌లో పేజీకి తక్కువ ముక్క ఉండదు. 256 బైట్ల రిజిస్టర్ల కోసం మ్యాప్ అడిగినా 4096 బైట్ల పేజీ మొత్తం రాసివ్వాల్సిందే. మిగతా 3840 బైట్లలో ఎవరున్నారో ముందే చూసుకోవాలి.

మంజీర_తీరం
@పేజీ4096, మీరన్నది నిజమే, చెక్ లేదు. కానీ అప్లికేషన్ మాదే. అది అడిగేది నాలుగు కిటికీలు మాత్రమే, ఒక్కోటి 4 ఎంబీ: ఆఫ్‌సెట్ 0, 4, 8, 12. 16 దాటి ఎప్పుడూ అడగదు, కోడ్ అంతా చూశాను. బయటివాళ్ళు లాగిన్ అయ్యే డివైస్ కూడా కాదు. కాబట్టి సెక్యూరిటీ పరంగా తప్పు కావచ్చు, మా ప్యానిక్‌కు కారణం ఇది కాదనుకుంటున్నాను.

గోలీసోడా
అదే నేనూ అంటున్నాను. మూసిన పెట్టెలో ఉండే డివైస్‌కు ఈ చెక్‌లు ఎవరి కోసం? ముందు పవర్ రైల్ మీద ఆసిలోస్కోప్ పెట్టండి.

తుంగభద్ర_గట్టు
మూసిన పెట్టె అన్న మాట విన్నప్పుడల్లా నాకు 2012 డిసెంబర్ గుర్తొస్తుంది. శామ్‌సంగ్ ఎగ్జినోస్ చిప్ ఫోన్లలో ఎగ్జినోస్‌మెమ్ అని ఒక డివైస్ ఫైల్ ఉండేది. అందరికీ చదివే, రాసే అనుమతి. దాన్ని ఎంమ్యాప్ చేస్తే ఫిజికల్ మెమరీ అంతా చేతికొచ్చేది. గెలాక్సీ ఎస్2, ఎస్3, నోట్ 2 లాంటి ఫోన్లన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఏ యాప్ అయినా రూట్ అయిపోవచ్చు. బహిరంగ భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2012-6422 అదే. అదీ ఎవరో తమ లైబ్రరీ కోసం పెట్టుకున్న దారే అయి ఉంటుంది, మనదే కదా అనుకుని.

మరుసటి ఏడాది సీవీఈ-2013-2596 వచ్చింది. ఈసారి ఒక కంపెనీ డ్రైవర్ కాదు, కెర్నల్ సొంత ఫ్రేమ్‌బఫర్ కోడ్, ఎఫ్‌బీ ఎంమ్యాప్ ఫంక్షన్. అక్కడ చెక్ ఉంది కూడా. కానీ కూడిక పొంగిపోయేది.

2018లో మళ్ళీ, సీవీఈ-2018-8781. యూడీఎల్ అనే డిస్‌ప్లేలింక్ డ్రైవర్. కూడికలో అదే తప్పు. ఎన్నో ఏళ్ళు మెయిన్‌లైన్‌లో, అంటే అధికారిక కెర్నల్ కోడ్‌లో, అందరి కళ్ళముందే ఉంది.

@గోలీసోడా, దాడి చేసేవాడు బయటి నుంచే రానక్కర్లేదు. మన అప్లికేషన్‌లో ఒక తప్పు లెక్క వచ్చినా అదే నష్టం, చెక్ ఉంటే ఈఇన్‌వాల్ వచ్చి ఆ రోజే దొరుకుతుంది. చెక్ లేకపోతే ఇలా పదిహేను రోజుల నిద్ర పోతుంది.

రాగిసంకటి
కూడిక పొంగడం అంటే ఏంటన్నా? నేను ఫైనల్ ఇయర్, ఇప్పుడే క్యారెక్టర్ డ్రైవర్లు నేర్చుకుంటున్నా.

తుంగభద్ర_గట్టు
ఆఫ్‌సెట్‌కు సైజు కలిపి, వచ్చింది బఫర్ పొడవు కన్నా ఎక్కువా అని అడిగే చెక్ చాలా డ్రైవర్లలో కనిపిస్తుంది. చదవడానికి సరిగ్గానే ఉంటుంది. కానీ ఆఫ్‌సెట్ యూజర్ ఇచ్చేది. అన్‌సైన్డ్ లాంగ్ చివరి అంచుకు దగ్గరగా ఒక ఆఫ్‌సెట్ ఇస్తే, సైజు కలిపేసరికి విలువ తిరిగి సున్నా దగ్గరికి వస్తుంది. బండి ఓడోమీటర్ 99999 తర్వాత 00000 అయినట్టు. చిన్న సంఖ్య కాబట్టి చెక్ పాస్. ఆ తర్వాత అదే పెద్ద ఆఫ్‌సెట్‌ను ఫిజికల్ అడ్రస్‌కు కలిపితే అదీ చుట్టుతిరిగి బఫర్‌కు ముందున్న మెమరీలో దిగుతుంది.

సరైన పద్ధతి కూడిక కాదు, తీసివేత. ముందు ఆఫ్‌సెట్ పొడవు కన్నా ఎక్కువా అని చూడు. ఎక్కువైతే పంపించెయ్. తర్వాత పొడవు లోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే మిగిలింది ఎంతో, సైజు దానికన్నా ఎక్కువా అని చూడు. యూడీఎల్‌కు చివరికి వేసిన ప్యాచ్ ఇదే.

నువ్వు ఇప్పుడే నేర్చుకుంటున్నావు కాబట్టి ఒక అలవాటు చేసుకో. చేత్తో రాయొద్దు. వీఎం ఐఓమ్యాప్ మెమరీ అనే ఫంక్షన్ ఉంది, 2013లో వచ్చింది. వీఎంఏ, మొదలు, పొడవు, మూడే ఇస్తావు. ఆఫ్‌సెట్‌నూ సైజునూ అదే పేజీల లెక్కలో సరిచూసి, బయటికి పోతే తిప్పి పంపుతుంది.

రాగిసంకటి
మా ల్యాబ్ ఎక్సర్‌సైజ్‌లో కూడికే రాశాను అన్నా. ఈ రోజే మారుస్తా.

మంజీర_తీరం
రూట్‌గా ఐఓమెమ్ చూశాను. 70000000 దగ్గర రిజర్వ్‌డ్ అని ఉంది. కానీ పొడవు 8 ఎంబీ మాత్రమే. దాని తర్వాతంతా సిస్టమ్ ర్యామ్.

ఇది 16 ఉండాలి కదా. నేనే తప్పు చదువుతున్నానా?

పేజీ4096
తప్పు చదవడం లేదు. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వర్ణించే ఫైల్) రిజర్వ్‌డ్ మెమరీ నోడ్ తీసి చూడండి. డ్రైవర్‌లో ఆ 16 ఎక్కడి నుంచి వస్తోంది, నోడ్ నుంచి చదువుతోందా, హెడర్‌లో డిఫైన్ చేసి ఉందా?

మంజీర_తీరం
హెడర్‌లో డిఫైన్. డివైస్ ట్రీలో 8. గిట్ బ్లేమ్ (ఏ లైన్ ఎవరు ఎప్పుడు మార్చారో చూపేది) చూస్తే కొత్త బోర్డు తెచ్చినప్పుడు మార్చారు. కమిట్ సందేశంలో ఇలా ఉంది: ఎఫ్‌పీజీఏ 8 ఎంబీనే వాడుతుంది, మిగతా 8 సిస్టమ్‌కు వదిలేస్తున్నాం.

ఎఫ్‌పీజీఏ వాడేది నిజంగానే కింది 8. పై 8 ఎంబీలో మా అప్లికేషన్ ఈవెంట్ రికార్డులు రాస్తుంది. అప్లికేషన్ రీస్టార్ట్ అయినా పోకూడదని పాతాయన అక్కడ పెట్టారట. అది హార్డ్‌వేర్ టీమ్‌కు తెలియదు. నాకూ ఇవాళే తెలిసింది.

చేతులు వణుకుతున్నాయి. అంటే ఆఫ్‌సెట్ 8, 12 కిటికీలు రెండూ కెర్నల్ సొంత ర్యామ్ మీదే తెరుచుకుంటున్నాయా?

సీలేరు
అవును. తీగ దొరికింది. ఇక డొంక కదిలించండి.

కానీ ఆగండి, అనుమానం బలంగా ఉంది, రుజువు ఇంకా లేదు. ప్యాచ్ వేసి ప్యానిక్ ఆగింది కాబట్టి ఇదే అనుకోవడం నాకు నచ్చదు. టైమింగ్ మారినా కొన్ని బగ్‌లు దాక్కుంటాయి. ముందు నేరం జరుగుతుండగా పట్టుకుందాం. రెండు పనులు చేయండి.

ఒకటి, రీమ్యాప్ పీఎఫ్ఎన్ రేంజ్ మీద కేప్రోబ్ (నడుస్తున్న కెర్నల్ ఫంక్షన్ మీద పెట్టే నిఘా) పెట్టి మూడో ఆర్గ్యుమెంట్, నాలుగో ఆర్గ్యుమెంట్ ప్రింట్ చేయించండి. మూడోది పీఎఫ్ఎన్, నాలుగోది సైజు. అడ్రస్ నుంచి చివరి మూడు హెక్సా అంకెలు తీసేస్తే పీఎఫ్ఎన్ వస్తుంది. మీ బఫర్ 70000 నుంచి మొదలవుతుంది, 8 ఎంబీ అయితే 70800 దగ్గర అయిపోవాలి. 70800 కానీ, ఆ పైన కానీ కనిపిస్తే గట్టు దాటినట్టే.

రెండు, బూట్ లైన్‌లో స్లబ్ డీబగ్, అంటే కెర్నల్ చిన్న కేటాయింపుల మీద తనిఖీ, పెట్టండి: ఎఫ్, జెడ్, పీ, యూ నాలుగూ. వదిలేసిన ఆబ్జెక్ట్‌లను కెర్నల్ 6బీ అనే బైట్‌తో నింపుతుంది. ఎవరైనా దాని మీద రాస్తే తర్వాత చూసుకున్నప్పుడు పాయిజన్ ఓవర్‌రిటెన్ అని చెబుతుంది, అక్కడున్న బైట్లు కూడా డంప్ చేస్తుంది. ఎవరు రాశారో చెప్పదు కానీ ఏం రాశారో చెబుతుంది. దొంగ చేతిరాత అన్నమాట.

ఒక జాగ్రత్త. ఆ రిపోర్టులో ఫలానా ఫంక్షన్ కేటాయించింది, ఫలానాది వదిలేసింది అని పేర్లు వస్తాయి. వాటిని చూసి ఆ సబ్‌సిస్టమ్ వెంట పడొద్దు. ఆ పేర్లు ఇంటి ఓనర్‌వి. దొంగ ఆ ఇంటికి చుట్టం కూడా కాదు.

బొమ్మిడాయిల_పులుసు
ఇలాంటి కేసులో నేను ఆ ఓనర్ వెంటపడే మూడు వారాలు పోగొట్టుకున్నాను. స్కెడ్యులర్ కోడ్ మొత్తం చదివేశాను. ఆ చదువు తర్వాత వేరే చోట పనికొచ్చిందనుకోండి.

జటాయువు_టెక్సస్
నాన్‌క్యాష్డ్ అన్న ముక్క ఎవరూ పట్టించుకోలేదు. మంజీర గారి ప్యానిక్ వెంటనే రాకుండా గంటలు ఎందుకు పడుతోందో దానిలో కొంత జవాబు ఉంది.

సిస్టమ్ ర్యామ్ అంతా కెర్నల్ లీనియర్ మ్యాప్‌లో (ర్యామ్‌ను కెర్నల్ చూసే సొంత మ్యాపింగ్) క్యాషబుల్‌గా ఉంటుంది. అదే పేజీని డ్రైవర్ ఇంకో వైపు నుంచి నాన్‌క్యాష్డ్‌గా యూజర్‌కు ఇచ్చింది. ఒకే ఫిజికల్ అడ్రస్‌కు రెండు రకాల లక్షణాలు ఉండకూడదని ఆర్మ్ ఆర్కిటెక్చర్ గట్టిగా హెచ్చరిస్తుంది, ఉంటే రెండు వైపులా ఒకే విలువ కనిపిస్తుందన్న భరోసా లేదు. అప్లికేషన్ రాసింది నేరుగా ర్యామ్‌కు పోతుంది. కెర్నల్ తన క్యాష్ లైన్‌లో పాత విలువే చూస్తుంటుంది. ఆ లైన్ బయటికి పోయి మళ్ళీ లోడ్ అయినప్పుడు చెత్త కనిపిస్తుంది. లేదా క్యాష్‌లోని విలువ వెనక్కి రాసుకుపోయి చెత్తనే చెరిపేస్తుంది, అసలేమీ జరగనట్టుంటుంది.

ఇంకొకటి. ఆర్మ్ 64 మీద పీజీప్రాట్ నాన్‌క్యాష్డ్ అంటే డివైస్ మెమరీ రకం. రిజిస్టర్లకు అది సరే. ర్యామ్ బఫర్‌కు కాదు. డివైస్ రకం మీద అలైన్ కాని యాక్సెస్ చేస్తే అలైన్‌మెంట్ ఫాల్ట్ వస్తుంది. జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) మెమ్‌సెట్ సున్నాలు నింపడానికి డీసీ జెడ్‌వీఏ అనే ఇన్‌స్ట్రక్షన్ వాడుతుంది, అదీ అక్కడ ఫాల్ట్ అవుతుంది. మీ అప్లికేషన్ వాళ్ళు ఎప్పుడైనా సిగ్‌బస్ (చెల్లని మెమరీ యాక్సెస్‌కు ప్రోగ్రామ్‌ను ఆపే సిగ్నల్) అని ఫిర్యాదు చేశారా?

మంజీర_తీరం
@జటాయువు_టెక్సస్, చేశారట! ఇప్పుడే అడిగాను. ఆ బఫర్ మీద మెమ్‌సెట్ వాడితే సిగ్‌బస్ వస్తోందని ఫర్ లూప్ రాసుకుని నాలుగేసి బైట్లు నింపుతున్నారు. కారణం ఎవరూ వెతకలేదు, లూప్‌తో పని జరిగిపోయింది కాబట్టి.

రాత్రికి స్లబ్ డీబగ్‌తో వదిలి వెళ్తున్నాను.

నల్లరేగడి
వదిలి వెళ్ళండి, నిజంగా వెళ్ళండి. అన్నం తిని పడుకోండి. అది తెల్లారేసరికి దానంతటదే పడుతుంది.

రస్టు_రాంబంటు
ఇదంతా రస్ట్‌లో, మెమరీ తప్పులను కంపైలరే ఆపే భాషలో, రాసి ఉంటే రాదు. కెర్నల్‌లో 6.1 నుంచే రస్ట్ ఉంది.

పేజీ4096
6.1లో వచ్చింది మొదటి పునాది మాత్రమే, దానితో ఇలాంటి డ్రైవర్ రాసే పరిస్థితి అప్పటికి లేదు. దానికన్నా ముఖ్యం, ఇక్కడ అబద్ధం భాషలో లేదు. బఫర్ 16 ఎంబీ అని హెడర్ చెబుతోంది, 8 అని డివైస్ ట్రీ చెబుతోంది. 16 అని రస్ట్‌కు చెప్పినా అది 16 దాకా చక్కగా కాపలా కాస్తుంది. పొడవు అనేది ఒక్క చోటే ఉండాలి, అది హార్డ్‌వేర్‌ను వర్ణించే చోటే ఉండాలి.

రస్టు_రాంబంటు
పొడవు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆఫ్‌సెట్ చెక్ మర్చిపోయే అవకాశం తగ్గుతుందన్న మాట మీద నిలబడతాను. పొడవును రిసోర్స్‌తో కలిపి ఒకే టైప్‌లో పెడితే రెండు చోట్ల రాసుకునే అవసరమే రాదు కదా.

పేజీ4096
ఆ మాట సరైనదే.

మంజీర_తీరం
ఉదయం ఆరున్నరకే ఆఫీసుకు వచ్చాను. దొరికింది.

కేప్రోబ్‌లో నాలుగు మ్యాపింగ్‌లు: 70000, 70400, 70800, 70సీ00. సైజు నాలుగింటికీ 4 ఎంబీ. చివరి రెండూ రిజర్వ్‌డ్ బయటే.

స్లబ్ రిపోర్టులు ఐదు వచ్చాయి. ఒక్కోటి ఒక్కో స్లబ్ క్యాష్ (ఒకే రకం ఆబ్జెక్ట్‌ల గుంపు): డెంట్రీ, ఐనోడ్, ఇంకేవో కేమాలక్‌లు. సీలేరు గారు చెప్పకపోతే డెంట్రీ వెంట పడేవాణ్ణే. చెడిపోయిన చోట్ల ఫిజికల్ అడ్రస్‌లు రాసుకుని చూస్తే, చెడిపోవడం మొదలైన చోటు ఐదింటిలోనూ చివరి నాలుగు హెక్సా అంకెలు సున్నాలే. అంటే 64 కేబీ హద్దులు. మా ఈవెంట్ స్లాట్ సైజు సరిగ్గా 64 కేబీ.

6బీల బదులు అక్కడున్న మొదటి ఎనిమిది బైట్లు కలిపి సంఖ్యగా మార్చాను. అది యూనిక్స్ టైమ్. రాత్రి 2 గంటల 11 నిమిషాలు. మా లాగ్‌లో ఆ నిమిషానికి సెన్సర్ ఈవెంట్ ఉంది. మిగతా నాలుగూ అలాగే సరిపోయాయి.

ఇన్నాళ్ళూ లాగ్ ఫైళ్ళ మధ్యలో అప్పుడప్పుడు అర్థంకాని బైట్లు కనిపించేవి, ఎస్‌డీ కార్డు పాడైందనుకుని మార్చాం. అది ఫైళ్ళ డేటాను ర్యామ్‌లో ఉంచే పేజ్ క్యాష్ మీద పడిన మా రికార్డే అయి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.

సీలేరు
ఆ టైమ్ సరిపోల్చడం చూసి నా మనసు నిండిపోయింది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు.

గోలీసోడా
హార్డ్‌వేర్ అన్నది నేనే, వెనక్కి తీసుకుంటున్నాను. 64 కేబీ హద్దు మీదే పడే ఎలక్ట్రికల్ నాయిస్ ఉండదు. చెడిపోయిన అడ్రస్‌లను వరసగా రాసుకుని వాటి మధ్య దూరం చూడాలని నాకు తట్టేది కాదు. మా కెపాసిటర్ కేసులోనూ ముందు అది చేసి ఉంటే ఏ క్రమం లేదని తేలి సాఫ్ట్‌వేర్ వదిలేసేవాళ్ళం.

కృష్ణా_కెనాల్
డ్రైవర్ ఎలాగూ తిరగరాస్తారు కాబట్టి నా అనుభవం ఒకటి. చెక్‌లన్నీ సరిగ్గా ఉన్నా మ్యాపింగ్ ఎంతకాలం బతుకుతుందన్నది ఇంకో గొడవ. మా డ్రైవర్ రిజిస్టర్లను యూజర్‌కు మ్యాప్ చేసి ఇచ్చేది. పవర్ ఆదా కోసం ఎవరో ఆ బ్లాక్ క్లాక్‌ను ఆపే కోడ్ చేర్చారు. మ్యాపింగ్ మాత్రం అలాగే ఉంది. క్లాక్ లేని రిజిస్టర్‌ను అప్లికేషన్ చదవగానే బోర్డంతా బిగుసుకుపోయేది. ప్యానిక్ లేదు, సీరియల్ కన్సోల్‌లో ఒక్క అక్షరం లేదు. వాచ్‌డాగ్ రీసెట్ తప్ప దిక్కు లేదు.

చివరికి క్లాక్ ఆపేముందు అన్‌మ్యాప్ మ్యాపింగ్ రేంజ్ పిలిచి యూజర్ వైపు పేజీలు ఊడబీకాం. మళ్ళీ ముట్టుకుంటే ఫాల్ట్ హ్యాండ్లర్‌లోకి వస్తుంది, అక్కడ క్లాక్ ఆన్ చేసి పేజీ ఇస్తాం. పీసీఐ కార్డు పీకేసినా ఇదే సమస్య, అక్కడ చదివితే సాధారణంగా అన్నీ ఒకట్లే వస్తాయి కాబట్టి కొంచెం నయం.

సీలేరు
చదవడానికి మాత్రమే ఇచ్చే మ్యాపింగ్‌ల గురించి కూడా. వీఎం రైట్ ఫ్లాగ్ ఉంటే ఈపర్మ్ (అనుమతి లేదు అనే ఎర్రర్) ఇచ్చేస్తే చాలనుకుంటారు. చాలదు. ముందు రీడ్ ఓన్లీగా మ్యాప్ చేసుకుని తర్వాత ఎంప్రొటెక్ట్‌తో రాసే హక్కు తెచ్చుకోవచ్చు, ఫైల్‌ను రాయడానికి కూడా తెరిచి ఉంటే. తర్వాత రాసే హక్కు తెచ్చుకోనిచ్చే వీఎం మేరైట్ ఫ్లాగ్ కూడా తీసేయాలి. 6.3 నుంచి దానికి వీఎం ఫ్లాగ్స్ క్లియర్ అనే ఫంక్షన్ వాడాలి, ఫ్లాగ్స్‌ను నేరుగా మారిస్తే కంపైల్ కాదు.

రాగిసంకటి
రిజిస్టర్లు 256 బైట్లే ఉంటే పేజీ మొత్తం ఇవ్వాల్సి వస్తుందన్నారు కదా. మరి అప్పుడేం చేయాలి?

నల్లరేగడి
మ్యాప్ ఇవ్వకపోవడమే మొదటి జవాబు. ఐఓసీటీఎల్ (డ్రైవర్‌కు ఆదేశం పంపే కాల్) పెట్టి డ్రైవరే రాసి పెడుతుంది. మాకు ఒక చిప్‌లో టైమర్ రిజిస్టర్లూ రీసెట్ రిజిస్టర్లూ ఒకే పేజీలో ఉండేవి. టైమర్ ఇచ్చామంటే రీసెట్ బటన్ కూడా చేతిలో పెట్టినట్టే. డివైస్‌లను యూజర్‌కు అప్పగించే వీఎఫ్ఐఓ కూడా పేజీకి తక్కువుండే పీసీఐ బార్‌ల (కార్డు మెమరీ కిటికీల) విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటుంది, ఆ పేజీలో ఇంకెవరూ లేరని తేలితేనే మ్యాప్ ఇస్తుంది.

ఎఫ్‌పీజీఏ మన చేతిలోనే ఉంటే ఇంకా మంచి దారి ఉంది. యూజర్‌కు ఇవ్వాల్సిన రిజిస్టర్లను విడి పేజీలో పెట్టమని హార్డ్‌వేర్ వాళ్ళను అడగండి. అడిగేటప్పుడు 64 కేబీ దూరం అడగండి, ఎందుకంటే ఆర్మ్ 64 కెర్నల్‌ను 64 కేబీ పేజీలతోనూ కట్టవచ్చు. అప్పుడు 4 కేబీ దూరం పనికిరాదు.

మంజీర_తీరం
ప్యాచ్ రివ్యూకు పంపాను. చేసినవి చెబుతాను, తప్పుంటే పట్టుకోండి.

హెడర్‌లోని 16 పీకేశాను. బఫర్‌ను డివైస్ ట్రీ నోడ్‌కు కట్టి డీఎంఏ అలాక్ కోహెరెంట్‌తో తీసుకుంటున్నాను, యూజర్‌కు డీఎంఏ ఎంమ్యాప్ కోహెరెంట్‌తో ఇస్తున్నాను. దాని లోపల చదివాను, అక్కడా తీసివేతతోనే చెక్ చేస్తున్నారు. ఆఫ్‌సెట్ 8 అడిగితే ఇప్పుడు ఈఎన్ఎక్స్ఐఓ ఎర్రర్ వస్తోంది. లక్షణాల గొడవ కూడా దానితో తీరింది, మెమ్‌సెట్ మామూలుగా పనిచేస్తోంది. ఈవెంట్ రికార్డులను బఫర్ నుంచి తీసేసి ఫైల్‌లోకి మార్చాం.

తుంగభద్ర_గట్టు
బాగుంది. ప్రోబ్‌లో, అంటే డ్రైవర్ డివైస్‌ను అందుకునే ఫంక్షన్‌లో, ఇంకొక్క లైన్ చేర్చండి: ఎఫ్‌పీజీఏకు కావాల్సిన కనీస సైజు కన్నా నోడ్ చిన్నదైతే డ్రైవర్ లోడే కాకూడదు. రేపు ఎవరో 8ని 4 చేస్తారు, అప్పుడు డీఎంఏ వైపు నుంచి ఇదే కథ మొదలవుతుంది.

మంజీర_తీరం
చేర్చాను. హార్డ్‌వేర్ టీమ్‌లో ఆ మార్పు చేసినాయనతో కూడా కూర్చుని మాట్లాడాను. ఆయన తప్పేమీ లేదు, డివైస్ ట్రీ చూస్తే పై సగం ఎవరూ వాడుతున్నట్టు లేదు. నోడ్ పక్కన ఎవరు ఎంత వాడుతున్నారో రెండు లైన్ల వ్యాఖ్య ఇద్దరం కలిసి రాశాం.

బోర్డు నిన్న పొద్దున పదింటికి మొదలుపెట్టాను. స్లబ్ డీబగ్ ఆన్‌లోనే ఉంది. ఇప్పటికి 31 గంటలు, ఒక్క రిపోర్టూ లేదు. సోమవారం దాకా ఆపను.

రాగిసంకటి
సోమవారం ఇక్కడే చెప్పండన్నా, చూస్తుంటా.

మంజీర_తీరం
సోమవారం. 98 గంటలు. డీమెసేజ్ (కెర్నల్ లాగ్) ఖాళీ. డెమోకు ఇదే బోర్డు పట్టుకెళ్తున్నాను.